తడి లేని ఆకు

‘రేపటి నుంచి రోజూ సలాడ్ తింటాను’ అనుకోవడం తేలికే. సాయంత్రం ఏడున్నరకు ఆఫీసు నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే మట్టి అంటిన పాలకూర కట్ట, ప్లాస్టిక్ సంచిలో చెమట పట్టిన లెట్యూస్ కనిపిస్తాయి. కడగాలి, ఆరబెట్టాలి, తుంచాలి, పండు ఒలవాలి. ఆకలి అంతసేపు ఆగదు. పక్కనే పొద్దుటి పప్పుచారు ఉంది, అన్నం ఉంది. చెయ్యి అటే పోతుంది. అది సహజం. అందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు.

అందుకే ఈ అధ్యాయంలో పట్టుదల గురించి పాఠం చెప్పను. పచ్చి ఆకు తినే అలవాటు నిలుస్తుందా పోతుందా అన్నది ఒక్కచోటే తేలిపోతుంది. కడిగి, పూర్తిగా ఆరిన ఆకు డబ్బాలో సిద్ధంగా ఉందా, లేదా? ఉంటే పండూ చీజూ కలిపిన మంచి సలాడ్ పది నిమిషాల పని. లేకపోతే ముప్పావుగంట. వారానికి రెండుసార్లు, ఆదివారమూ బుధవారమూ అనుకుందాం, ఒక అరగంట ఆకు కోసం కేటాయించండి. మిగతా రోజుల్లో మిమ్మల్ని మీరు బతిమాలుకోవలసిన అవసరం రాదు.

ఇది మన నాలుకకు పరాయి తిండి అనుకునేవాళ్లు ఉన్నారు. నిజమే, మనకు ఆకు అంటే పొయ్యి ఎక్కాల్సిందే. పాలకూర పప్పు, తోటకూర వేపుడు, గోంగూర పచ్చడి, చుక్కకూర పులుసు. అయితే పండుకు ఉప్పు జోడించడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బడి గేటు ముందు నాలుగు చీలికలు చేసి ఉప్పూకారం అద్ది ఇచ్చే జామకాయ అదే. వేసవిలో దోరమామిడి ముక్క అదే. శ్రీరామనవమి నాటి వడపప్పు చూడండి: నానిన పెసరపప్పు, కొబ్బరి, మామిడి కోరు, అన్నీ పచ్చివే. తీపీ పులుపూ ఉప్పూ ఒకే ముద్దలో తగలాలన్న రుచి మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ సలాడ్ నడిచేది ఆ మూడింటి మీదే. తీపి పండుది, పులుపు నిమ్మది, ఉప్పు చీజ్‌ది. ఆకు వాటికి కరకరనీ చల్లదనాన్నీ, కాస్త చేదునూ ఇస్తుంది.

ఆకు ఎక్కడిది?

కడగడానికి ముందు కొనడం గురించి ఒక మాట. ఉడికించే ఆకుకూ పచ్చిగా తినే ఆకుకూ ఒకే కొలత పనికిరాదు. హైదరాబాద్ దిగువన మూసీ వెంట మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు పండుతున్న సంగతి ఎప్పటి నుంచో తెలిసిందే. అలాంటి ఆకు ఎన్ని నీళ్లలో కడిగినా సలాడ్‌కు వాడకండి. కడిగితే మట్టి పోతుంది, పురుగుమందు కొంత పోతుంది, సూక్ష్మక్రిములు కొన్ని పోతాయి. అన్నీ పోవు. కాబట్టి పచ్చిగా తినే ఆకును అది ఎక్కడ పండిందో చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనండి. రైతుబజారులో మీకు ముఖపరిచయం ఉన్న రైతు కావచ్చు, మట్టి లేకుండా నీటిలో లెట్యూస్ పెంచే పాలీహౌస్ కావచ్చు. ఇంకా మంచిది మీ మేడ మీది కుండీ. విడి ఆకుల లెట్యూస్ మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చక్కగా వస్తుంది. విత్తిన 40, 50 రోజులకు కోతకు అందుతుంది. ఎండ ముదిరితే మొక్క పూతకాడ వేసి ఆకు చేదెక్కుతుంది కాబట్టి వేసవిలో దానితో పోరాడకండి.

లెట్యూస్ దొరకని ఊళ్లో సలాడ్ ఎలా అని అడుగుతారు. గంగవాయల కూర ఉంది కదా! తెలంగాణలో పప్పులో వేసుకునే ఈ కూరను గ్రీస్‌లో, టర్కీలో, లెబనాన్‌లో పచ్చిగానే సలాడ్‌లో తింటారు. లెబనాన్‌వాళ్ల ఫత్తూష్‌లో రొట్టె ముక్కల పక్కన తరచుగా కనిపించేది ఇదే. కండ పట్టిన చిన్న ఆకులు, కొరికితే రసం, నాలుక అంచున పులుపు. నీరు తక్కువైన నేలలో పెరిగిన మొక్క రాత్రంతా ఆమ్లాన్ని కూడబెట్టుకుంటుంది. అందుకని పొద్దున్నే కోసిన కూర సాయంత్రం కోసినదానికన్నా పుల్లగా ఉంటుంది. నా లెక్కలో మన సలాడ్‌కు మొదటి పీట దీనిదే. లేత పాలకూర కూడా బాగుంటుంది, అయితే అరచేతిలో సగం కన్నా పెద్ద ఆకు వద్దు. ముదిరిన ఆకులో ఆక్సలేట్లు పళ్లమీద సుద్ద రాసినట్టు పట్టేస్తాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పచ్చి పాలకూర జోలికి పోకపోవడం మేలు. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచే ముందు డాక్టరుకు చెప్పాలి, విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. గర్భిణులూ, కీమోథెరపీలో ఉన్నవాళ్లూ పచ్చి ఆకు విషయంలో, పాశ్చరైజ్ చేయని పాలతో చేసిన మెత్తని చీజ్ విషయంలో డాక్టరు మాటే వినాలి.

కొత్తిమీర, పుదీనా, లేత మెంతి ఆకు తలా ఒక పిడికెడు తోడుంటే ఏ ఆకైనా ప్రాణం పోసుకుంటుంది. తోటకూర, గోంగూర మాత్రం పొయ్యికే వదిలేయండి.

కడగడం, ఆరబెట్టడం

ఇక్కడే ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే సలాడ్‌లు చాలావరకు చెడేది ఇక్కడే. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద గిన్నె తీసుకోండి. పప్పు కడిగే గిన్నె చాలదు, బూందీ కలిపే బేసిన్ కావాలి. నిండా చల్లని నీళ్లు పోసి ఆకులు వదలండి. వేళ్లు విడిచి నెమ్మదిగా కదిపి, రెండు నిమిషాలు ఊరుకోండి. మట్టి అడుగుకు దిగుతుంది. ఇప్పుడు ఆకుల్ని రెండు చేతులతో పైకి ఎత్తి వేరే గిన్నెలోకి తీయండి. గిన్నెనే జల్లెడలోకి వంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకుల మీదే పడుతుంది. నీళ్లు పారబోసి, గిన్నె అడుగు వేలితో రాసి చూడండి. గరగర తగిలినంతసేపూ నీళ్లు మార్చాల్సిందే. మామూలుగా మూడు నీళ్లు.

ఆకు వడలిపోయి ఉంటే ఆఖరి నీళ్లలో ఐసు ముక్కలు వేసి ఇరవై నిమిషాలు ఉంచండి. లెట్యూస్‌లో 95 శాతం నీరే. కణాలు మళ్లీ నీరు తాగి బిగుసుకుంటాయి, మెత్తబడిన ఆకు నిటారుగా లేస్తుంది. మార్కెట్లో వాడినట్టు కనిపించిన కట్ట ఇంటికొచ్చాక తేరుకోవడం చాలాసార్లు జరిగేదే. కుళ్లు వాసన, జిగురు ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి.

తర్వాత ఆరబెట్టడం. పాత నూలు పంచెను నాలుగు మడతలు వేసి పరిచి, ఆకుల్ని ఒక్క వరుసగా సర్దండి. పైన ఇంకో గుడ్డ కప్పి అరచేత్తో నొక్కకుండా తట్టండి. పది నిమిషాలకు పంచె తడుస్తుంది. పొడి వైపుకు తిప్పి మళ్లీ పరవండి. ఫ్యాను కింద ఇంకో పది నిమిషాలు. గిర్రున తిప్పే సలాడ్ స్పిన్నర్ ఉంటే పని సగం అవుతుంది, అయినా దాని తర్వాత కూడా గుడ్డ మీద ఒకసారి పరవాలి. ఆకు మడతలో, కాడ దగ్గర నిలిచే చుక్క అన్నిటికన్నా మొండిది. ఒక ఆకు తీసి అరచేతి వెనక వైపు రాయండి. చర్మానికి తడి తెలియకపోతే అయినట్టు.

ఇంత పట్టింపు ఎందుకంటే నూనె, నీళ్లు కలవవు. తడి ఆకు మీద పోసిన నిమ్మరసం, నూనె జారి గిన్నె అడుగుకు చేరతాయి. పైన చప్పగా, అడుగున పుల్లటి నీళ్లచారుగా తయారవుతుంది. ‘సలాడ్‌కు రుచే ఉండదు’ అనేవాళ్లు చాలామంది తిన్నది ఆ తడి ఆకునే. పైగా డబ్బాలో ఆకును కుళ్లబెట్టేది తడే. ఆరిన ఆకును అడుగున ఒకటి, పైన ఒకటి పొడి గుడ్డ వేసిన మూత డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు కరకరలాడుతూ ఉంటుంది. ఆ డబ్బాను పండిన యాపిల్, అరటి, మామిడి పక్కన పెట్టకండి. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు ఆకు మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి.

పండు

పండుకు నియమం చిన్నదే: పండీ పండనట్టుండాలి. ముక్క పదును నిలవాలి, కొరికితే పంటికి తెలియాలి. సీతాఫలం, సపోటా, బాగా పండిన అరటి ఆకుకు అంటుకుని పిండిలా అయిపోతాయి. దోరజామ, గట్టి పియర్, యాపిల్, ద్రాక్ష, దానిమ్మ, దోరమామిడి, కర్బూజా, పుచ్చకాయ, కమలా, బత్తాయి పనికొస్తాయి. ఏ కాలానికి ఏది చవకో అదే వేయండి.

నల్లగొండ, అనంతపురం బత్తాయి మనకు దొరికినంత బాగా చాలామందికి దొరకదు, సలాడ్‌లో దాన్ని వాడేవాళ్లు మాత్రం తక్కువ. తొనల మీది పొర మందంగా, చేదుగా ఉండడమే కారణం. దాన్ని ఇలా తీయాలి. కాయకు పైన, కింద కండ కనిపించేదాకా కోసి నిలబెట్టండి. కత్తిని కాయ వంపు వెంట పైనుంచి కిందికి దించుతూ తొక్కనీ తెల్లపొరనీ కలిపి చెక్కేయండి. తర్వాత గిన్నె మీద పట్టుకుని ఒక్కో పొరకు ఇవతల ఒక గాటు, అవతల ఒక గాటు పెడితే తొన పొర లేకుండా జారి పడుతుంది. చేతిలో మిగిలిన పొరల గుత్తిని పిండితే వచ్చే రసం వెంటనే డ్రెస్సింగ్‌లోకి, అంటే ఆకు మీద పోసే నూనె, నిమ్మరసాల మిశ్రమంలోకి పోవాలి. బత్తాయి రసం నిలవుంటే చేదు తేలుతుంది.

యాపిల్, పియర్ కోసిన ముఖం గాలి తగిలి నల్లబడుతుంది. కోసిన వెంటనే నిమ్మరసం రాస్తే నల్లబరిచే ఎంజైము పని మందగిస్తుంది. జామకు ఆ బాధ తక్కువ, గింజల గుజ్జు తీసేసి పలచగా చీరితే చాలు. నారింజలో కన్నా జామలో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టించడంలో విటమిన్ సి సాయపడుతుంది. ఆకు పక్కన పుల్లటి పండు ఉండడం రుచికే కాదు, రక్తహీనతతో ఉన్న ఆడపిల్లలకూ మంచిది.

బొప్పాయి, అనాస, కివీ విషయంలో కాస్త జాగ్రత్త. పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములు వీటిలో ఉంటాయి. పనీర్‌తోనో మరో తాజా చీజ్‌తోనో కలిపి గంటసేపు ఉంచితే చేదు వస్తుంది. వాటిని వేయాలనిపిస్తే వడ్డించే క్షణంలోనే వేయండి.

చీజ్

ఈ సలాడ్‌లో చీజ్ పని ఉప్పదనం, కమ్మదనం ఇవ్వడం. గ్రీకుల ఫెటా గొర్రెపాలతో, కొంత మేకపాలు కలిపి చేసి ఉప్పునీటిలో ఊరబెట్టినది. ఆ పేరు మీద 2002 నుంచి ఐరోపాలో గ్రీస్‌కే హక్కు. పుచ్చకాయ, పుదీనా, ఫెటా కలిపి తినడం మధ్యధరా తూర్పు తీరాల్లో వేసవి అలవాటు. పియర్, అక్రోటు, నీలి చారల బ్లూ చీజ్ ఇంకో పాత జోడీ. ఇటలీ పార్మెజాన్‌ను కూరగాయల చెక్కు తీసే పీలర్‌తో పలచటి పొరలుగా గీసి వేస్తారు. అసలైన పార్మెజాన్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోని రెన్నెట్ వాడతారు కాబట్టి శాకాహారులు కొనే ముందు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకోవాలి. మన దేశంలోనే ఆరోవిల్, కొడైకెనాల్, కాలింపాంగ్ చీజ్‌కు పేరుపడ్డ చోట్లు. శాండ్‌విచ్‌లో పెట్టే ప్రాసెస్డ్ చీజ్ స్లైసులు, క్యూబులు మాత్రం ఇక్కడ వద్దు. కరగడానికి తయారుచేసినవి అవి, ఆకు మధ్య రబ్బరులా సాగుతాయి.

చాలా ఇళ్లలో దొరికేది పనీరే. దాన్ని అలాగే వేస్తే చప్పగా ఉంటుంది, అందులో ఉప్పు ఉండదు మరి. దానికి ఉపాయం ఉంది. అర లీటరు నీళ్లలో 25 గ్రాముల ఉప్పు, అంటే సుమారు నాలుగు టీ స్పూన్లు, వేసి మరిగించి చల్లార్చండి. నాలుగు మిరియాలు చితక్కొట్టి వేయండి, నిమ్మతొక్క పచ్చటి పొర ఒక ముక్క వేయండి. 200 గ్రాముల పనీర్‌ను రెండు వేళ్ల మందం పలకలుగా కోసి అందులో ముంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి ఉప్పు లోపలి దాకా పడుతుంది. ఇది ఫెటా అయిపోదు, కానీ ఈ సలాడ్‌లో ఫెటా చేసే పని చక్కగా చేస్తుంది. రెండు మూడు రోజుల్లో వాడేయండి. ఆకు పనిచేసే ఆదివారం, బుధవారం రాత్రే ఇదీ పెట్టుకుంటే రెండూ ఒక్క పూటలో తీరిపోతాయి. ఏ చీజ్ అయినా తినడానికి ఇరవై నిమిషాల ముందు ఫ్రిజ్ నుంచి బయట పెట్టాలి, చల్లగా ఉంటే రుచి ముడుచుకుని ఉంటుంది.

కలపడం

నలుగురికి లెక్క: ఆకు 200 గ్రాములు, పండు 200 గ్రాములు, చీజ్ 100 గ్రాములు, వేయించిన పల్లీలో బాదమో అక్రోటో ఒక గుప్పెడు.

ముందు ఆవ. అర టీ స్పూను ఆవపిండిని ఒక టీ స్పూను నీళ్లతో తడిపి పది నిమిషాలు వదలండి. ఆవ ఘాటు నీళ్లతో మేలుకుంటుంది. పులుపు ముందే తగిలితే ఘాటు సరిగా లేవదు. కోనసీమలో ఆవ పెట్టిన కూర చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. తర్వాత టేబుల్ స్పూను నిమ్మరసం, పావు టీ స్పూను ఉప్పు, అర టీ స్పూను తేనె వేసి ఉప్పు కరిగేదాకా కలపండి. ఉప్పు నూనెలో కరగదు, అందుకే నూనెకు ముందే ఈ పని కావాలి. ఇప్పుడు మూడు టేబుల్ స్పూన్ల నూనెను సన్నటి ధారగా పోస్తూ ఫోర్కుతో గిలకొట్టండి. చిక్కబడి లేతపసుపుగా మారుతుంది. నూనె, పులుపు విడిపోకుండా పట్టి ఉంచేది ఆవే. ఆలివ్ నూనె ఉంటే సరే, గానుగ వేరుశనగ నూనె పల్లీలతో ఇంకా బాగా కుదురుతుంది. నువ్వుల నూనె వేస్తే సగమే వేయండి, దాని వాసన ముందుకొస్తుంది. కొవ్వు మానేద్దామని నూనె తీసేయకండి. ఆకులోని కెరొటిన్లు, విటమిన్ కె ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు తోడుండాలి.

రుచి చూడవలసింది చెంచాతో కాదు. ఒక ఆకును ముంచి తినండి. చెంచాతో చూస్తే పులుపు నషాళానికి అంటుతుంది, ఆకుతో చూస్తే సరిపోయిందో లేదో తెలుస్తుంది. చీజ్ ఉప్పు ఇంకా రావలసి ఉందని గుర్తుంచుకుని ఉప్పు ఒక పిసరు తక్కువలోనే ఆపండి.

అందరూ పళ్లేల ముందు కూర్చున్నాక ఆకుల్ని బేసిన్‌లో వేసి, డ్రెస్సింగ్‌లో మూడొంతుల్లో రెండొంతులు అంచు వెంట పోయండి. శుభ్రంగా కడుక్కున్న చేతులతో కిందినుంచి పైకి ఎత్తి వదలండి, పులిహోర మెతుకు నలగకుండా కలిపే చెయ్యే ఇక్కడా పనికొస్తుంది. ప్రతి ఆకూ సన్నగా మెరవాలి, అడుగున ఏమీ నిలవకూడదు. ఆ తర్వాత పండు వేసి ఒక్కసారి కలపండి. చీజ్‌ను వేళ్లతో చిదిపి పైన రాల్చండి, మళ్లీ కలపకండి, కలిపితే ఆకంతా తెల్లగా పూసుకుపోతుంది. పల్లీలు ఆఖరున. మిరియాలు అప్పటికప్పుడు దంచినవి. మిగిలిన డ్రెస్సింగ్ కావలసినవాళ్లు వేసుకుంటారు.

ఈ వరుస మారకూడదు. నూనె ఆకు పైనున్న మైనపు పొరను దాటి లోపలికి దిగుతుంది, ఉప్పు నీళ్లను బయటకు లాగుతుంది. పావుగంటకే ఆకు నల్లబడి వాలిపోవడం మొదలవుతుంది. ఆఫీసుకు డబ్బా కట్టేవాళ్లు డ్రెస్సింగ్‌ను చిన్న సీసాలో, ఆకును పైన, పండూ చీజూ కింద పెట్టుకుని తినేముందు కలుపుకోవాలి.

ఏ కాలంలో ఏది అంటే నా ఎంపికలు చెబుతాను. డిసెంబరు, జనవరిలో లెట్యూస్, దోరజామ, ఉప్పునీటి పనీర్, పల్లీలు, తేనె బదులు కాస్త బెల్లం. మార్చి నుంచి గంగవాయల కూర, పుచ్చకాయ, పుదీనా, ఫెటా, ఇందులో తేనె అక్కర్లేదు. మే నెలలో బంగినపల్లి ఇంకా దోరగా ఉన్నప్పుడు సన్నగా చీరి, పచ్చిమిర్చి రెండు చక్రాలు, కొత్తిమీర, పనీర్. వానాకాలం ఆకు మీద మట్టి ఎక్కువ, ఆరడం కష్టం, నీళ్లు ఇంకో విడత మార్చండి. అప్పుడు కాశ్మీర్, హిమాచల్ పియర్ వస్తుంది, అక్రోటు, బ్లూ చీజ్ దానికి సరిజోడు. దసరా దాటాక బత్తాయి, దానిమ్మ, లేత పాలకూర.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల దినసరి పళ్లేనికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చూపించారు. పై లెక్కన ఒక్కొక్కరికి 50 గ్రాముల ఆకు, 50 గ్రాముల పండు అందుతాయి. అంటే రోజు పండ్లలో సగం రాత్రి భోజనం మొదట్లోనే తీరిపోతుంది. అన్నం మానేయమని నేను చెప్పను. ఈ పళ్లెం ముందు తినండి, తర్వాత అన్నం ఎంత పడితే అంత. నమలడం కష్టమైన పెద్దవాళ్లకు ఆకును సన్నగా తరిగి, పండు ముక్కలు చిన్నవి చేసి, పల్లీలు కచ్చాపచ్చాగా దంచి పెట్టండి.

కలిపిన సలాడ్ మిగిలితే దాచుకోకండి. కలపని ఆకు నాలుగో రోజుకు అంచులు ఎర్రబడితే ఆ అంచులు గిల్లేసి పెసరపప్పులో వేయండి. లెట్యూస్ అయినా సరే, పప్పు మెత్తగా ఉడికాక ఆఖరున వేసి రెండు నిమిషాలు ఉంచి పోపు పెడితే చాలు.